సాళ్ల వెనక నడిచే మనిషి

ధరూర్,
19 ఆగస్టు 2004

అత్తమ్మకు,

రేణుక రాస్తున్నాను. మీరు కూతురి పురుటికని బస్సెక్కి వారం దాటింది. జయశ్రీ కాళ్ల వాపు తగ్గిందా? డాక్టరు మంచం దిగొద్దని చెప్పినా ఆమె ఇల్లు ఊడుస్తోందని మీ అల్లుడుగారు మీ కొడుకుతో ఫోన్లో అన్నారట. మీరు దగ్గర ఉన్నారు కాబట్టి ఇక చీపురు ఆమెకు దొరకదని మేం అనుకుంటున్నాం. నేను కూడా ఫోన్ చేయొచ్చు. కానీ ఆ ఫోన్ డబ్బా దగ్గర నిలబడితే కొట్టుకు సామానుకు వచ్చిన వాళ్లంతా వింటారు, నాకు మాట రాదు. అందుకే ఉత్తరం. ఐదో తరగతి దాకా చదివిన చదువు ఇది. తప్పులుంటే జయశ్రీని సరిచేసుకుని చదవమనండి.

తిమ్మప్ప చేనులో సోమవారం పత్తి పూల క్రాసింగ్ మొదలైంది. గుంపులో అందరూ వచ్చారు. మీరు చెప్పి వెళ్లినట్టే మీ బదులు నేను గట్టు మీద నిలబడి సాళ్లు పంచాను. "సవారమ్మక్కా, నీకు ఈ రెండు సాళ్లు" అన్నాను. ఎవరూ కదలలేదు. మళ్లీ అన్నాను. సవారమ్మ చెవి దగ్గర చేయి పెట్టుకుని, "ఓ రేణుకా, నీ మాట నీ మెడల ఉన్న పుస్తెలకే ఇనొస్తది. మా దాక ఎప్పుడొస్తది?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఒక్కొక్కరి దగ్గరికి నడిచి వెళ్లి ఎవరి సాలు ఏదో చెప్పాను. మీరు ఒక్క కేకతో చేసే పని అది.

ఈసారి సింధూజ అని కొత్త అమ్మాయి చేరింది. మన వీధిలోకి కోడలుగా వచ్చింది. విత్తన పత్తి పని ఎప్పుడూ చూడలేదట. మీరు నాకు నేర్పిన మాటలతోనే ఆమెకు నేర్పాను. రేపు పూయబోయే మొగ్గను ఇవాళ సాయంత్రమే గుర్తు పట్టాలి. బొటనవేలి గోటితో రేకులూ, లోపలి పుప్పొడీ ఒలిచేసి, మధ్యలో కాడ ఒక్కటే నిలపాలి. గుర్తుకు ఎర్ర కాగితం చుట్టాలి. పొద్దున మగ సాళ్లలోంచి పువ్వు తెచ్చి ఆ కాడకు అద్దాలి. "ఒలవకుండ ఒకటి మర్చిపోతే ఏమైతది?" అని అడిగింది. అది తెల్లారి విచ్చుకుని తన పొడి తనే పట్టుకుంటుంది, ఆ కాయలో గింజంతా కల్తీ గింజ అవుతుంది అన్నాను. ఆమె భయపడి అరగంట దాకా ఒక్క మొగ్గే పట్టుకుని కూర్చుంది.

పని కాగానే నేనే అందరికంటే ముందు ఇంటికి పరుగెత్తుతున్నాను. బర్రెకు నీళ్లు పెట్టాలి, వంట చేయాలి. మీ కొడుకు ఆటో దిగేసరికి బాగా ఆకలితో ఉంటాడు.

ఒక మాట. ఈ గుంపు పెద్దతనం సవారమ్మకు ఇచ్చేయండి. ఆమెకు గొంతుంది. నేను వరసలో కూర్చుని పని చేసుకుంటాను. మీ మాట మీదే ఈ గుంపుకు చేను ఇచ్చానని తిమ్మప్ప నాతో రెండుసార్లు అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర సరిగా లేదు.

అన్నం పొంగుతోంది. ఆపుతున్నాను.

రేణుక


నాగర్‌కర్నూల్,
25 ఆగస్టు 2004

వదినకు,

అమ్మ చెప్తోంది, నేను రాస్తున్నాను. ఆమె మాట ఒక్కటి కూడా మార్చొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. కాబట్టి నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు రాస్తాను.

"రేణుకా, సవారమ్మకు ఇయ్యను. ఆమెకు గొంతుంది, ఓపిక లేదు. నీకు గొంతు లేకపోతే ఏమాయె, నడిచిపోయి చెప్తున్నవ్ కద. గట్లనే చెయ్యి. నేను మొదటిసారి గట్టు మీద నిలవడ్డప్పుడు నాకు కూడ కాళ్లు వణికినయి. చీర కింద ఉన్నయి కాబట్టి ఎవరికి కానరాలే.

ఇంకోటి. అందరికన్న ముందుగాల ఇంటికి ఉరకకు. గుంపు పెద్ద అందరు పోయినంక పోవాలె. సాళ్ల పొంటి ఒకసారి తిరుగు. ఎర్ర కాయితాలున్న మొగ్గలు చూడకు, కాయితం లేని మొగ్గలు చూడు. అన్నం అన్నం అని పిలగాడు సావడు, వానికి ఆకలి ఆగుతది. గుంపుల జమ్ములమ్మను జర మంచిగ చూస్కో. పెద్ద మనిషి."

ఇంతవరకూ అమ్మ మాటలు. ఇక నావి. కాళ్ల వాపు అలాగే ఉంది. బీపీ చూపించుకోవడానికి మొన్న దవాఖానకు వెళ్లాం. చీటీల దగ్గర ఆడవాళ్లు తోసుకుంటున్నారు. అమ్మ లేచి అందరినీ వరసలో నిలబెట్టింది. కడుపుతో ఉన్నవాళ్లను ఒక పక్క, పసిపిల్లలున్న వాళ్లను ఒక పక్క. చీటీలు రాసే అతను "ఈమె ఎవరి మనిషి?" అని నన్ను అడిగాడు. నేను గోడ మీద బొమ్మలు చూస్తున్నట్టు నిలబడ్డాను.

నీ అక్షరాలు బాగున్నాయి. సరిచేయాల్సినవి ఏమీ లేవు.

జయశ్రీ


ధరూర్,
4 సెప్టెంబరు 2004

అత్తమ్మకు,

ఉత్తరం అందింది. నేను ముందే ఇంటికి పోతున్నానని నేనే రాశాను, దానికి నాకే చీవాట్లు పడ్డాయి. సరే. మీరు ఇంట్లో ఉన్నప్పుడు మీరు చేనులో ఎంతసేపు ఉన్నా పొయ్యి దగ్గర నేను ఉండేదాన్ని. ఇప్పుడు రెండు చోట్లా నేనే. అన్నం ఆలస్యమైతే మీ కొడుకు ఏమీ అనడు. ఖాళీ కంచం ముందు పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంటాడు. తిట్టినా బాగుండేది. అందుకని సాళ్ల వెంట తిరగడం నాకు కుదరలేదు. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇక్కడ ఒక పని చెడింది.

మంగళవారం పొద్దున ఆర్గనైజర్ చిన్నయ్య వచ్చాడు. కంపెనీ తరఫున చేలన్నీ చూసేది అతనే కదా. చేను మధ్యలోకి నడిచి వెళ్లి, తిరిగి వచ్చి, దోసిలి విప్పి చూపించాడు. నిండా విచ్చుకున్న పూలు. అన్నీ మేం ఒలవాల్సిన ఆడ సాళ్లవి.

"ఏందమ్మా ఇది? మీ అత్త విజయమ్మ ఉన్నన్ని రోజులు ఒక్క పువ్వు దొరకలే నాకు."

ఆ పూలు నా కాళ్ల దగ్గర పోశాడు.

"గింజ గిట్ల కల్తీ అయితే కంపెనీల ముందుగాల నా మెడ పట్టుకుంటరు. ఇంకొకసారి కనవడ్డదనుకో, ఈ చేను కంపెనీ లిస్టుల నుంచి కొట్టేస్త. తిమ్మప్పకు విత్తనం ఉండదు, మీకు పని ఉండదు."

తిమ్మప్ప అక్కడే ఉన్నాడు. నా వైపు చూడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఆ పూలు దొరికింది సవారమ్మ, జమ్ములమ్మ, సింధూజ పక్కపక్కన పని చేసిన చోట. సింధూజ భయంతో నెమ్మదిగా చేస్తుంది, ఆమె మొగ్గ వదలదు. జమ్ములమ్మ మీకంటే ముందు నుంచి ఈ పని చేస్తున్న మనిషి. సవారమ్మ చేతులు ఒక వైపు, మాటలు ఒక వైపు నడుస్తాయి. అందుకని నేను సవారమ్మను సాళ్లు వదిలి మగ పూలు తెంపి తెచ్చి ఇవ్వమన్నాను. పిల్లలూ ముసలివాళ్లూ చేసే పని అని అందరూ అనుకునే పని అది. నాకు వేరే దారి తోచలేదు.

సవారమ్మ పని ఆపి లేచింది. "నన్ను పూలు తెంపనీకి పంపుతవా? నా గోరు చూడు. ఎండకాలం నుంచి పెంచిన, గిన్నెలు గూడ ఈ చేత్తో తోమలే" అని బొటనవేలు నా ముఖం ముందు పెట్టింది. "ఇటిక్యాల దిక్కు ఇంకో చేనోళ్లు పిలుస్తనే ఉన్నరు. నలుగురిని తోలుకొని పోత. నువ్వు, నీ ఎర్ర కాయితాలు, ఈడనే ఉండుండ్రి."

పోలేదు ఇంకా. కానీ నాతో మాట్లాడటం లేదు. ఆమె మాట్లాడకపోతే చేనంతా ఊరు ఖాళీ అయినట్టుంది.

రేణుక


నాగర్‌కర్నూల్,
11 సెప్టెంబరు 2004

వదినకు,

నీ ఉత్తరం చదివి వినిపించాను. అమ్మ మధ్యలోనే లేచింది. మళ్లీ వచ్చి కూర్చుని ఇది చెప్పింది.

"సవారమ్మ చేతిల తప్పు లేదు. నోట్ల ఉంటే ఉండొచ్చు. పోయి తప్పయిందని చెప్పు, ఆమె సాళ్లు ఆమెకియ్యి. నీకు చిలక్కు చెప్పినట్టు చెప్పిన, సాయంత్రం అందరు పోయినంక తిరుగు అని. తిరిగి ఉంటే నీకే తెలుస్తుండె. ఎవరి సాలో నేను ఈ ఉత్తరంల రాయియ్య. తెల్సినంక నువ్వు కూడ ఎవరికి చెప్పకు. నీ చేత్తో నువ్వు సరిజెయ్యి, ఊకో. గుంపు పెద్ద అంటే అదే."

ఎవరి సాళ్లమ్మా అని నేను అడిగాను. నల్లా వచ్చిందని బిందె పట్టుకుని పోయింది. నల్లా రాలేదు. నాకు తోచింది చెప్తాను. ఆ కొత్త అమ్మాయి సింధూజ అయ్యుంటుంది. కొత్తగా వచ్చిన కోడళ్ల మీద అమ్మకు జాలి. నీ మీద కూడా ఉండేది, నువ్వు గమనించావో లేదో.

నాకు మంచం మీద పడుకుని పడుకుని వీపు మొద్దుబారింది. మా అత్తగారికి అమ్మ పత్తి మొగ్గ ఎలా ఒలవాలో మందార మొగ్గ మీద చూపించింది. ఇప్పుడు మా పెరట్లో మందారాలు పూయడం లేదు.

జయశ్రీ


ధరూర్,
19 సెప్టెంబరు 2004

అత్తమ్మకు,

సవారమ్మ ఇంటికి వెళ్లి తప్పయిందని చెప్పాను. గడప బయటే నిలబడి చెప్పాను. ఆమె లోపలి నుంచే, "ఏందీ, ఇనొస్తలేదు" అంది. మళ్లీ చెప్పాను. "ఇంక జర పెద్దగ." మూడోసారి వీధిలో వాళ్లకు కూడా వినపడేలా చెప్పాను. అప్పుడు బయటికి వచ్చి, "గంత గొంతు ఉంచుకొని పుస్తెలకు చెప్తున్నవ్ ఇన్ని దినాలు" అని, మజ్జిగ ఇచ్చింది. మర్నాడు తన సాళ్లలోకి వెళ్లింది.

ఆ సాయంత్రం మీరు చెప్పినట్టు ఉండిపోయాను. ఆటో దిగి నేరుగా చేను దగ్గరికే రమ్మని మీ కొడుక్కు చెప్పి పంపాను. అందరూ వెళ్లాక మొదటి సాలు నుంచి నడిచాను. కాగితం లేని మొగ్గలు వెతికాను. సింధూజ సాళ్లలో ఒక్కటి లేదు. ఈ మాట జయశ్రీకి చెప్పండి. సవారమ్మ సాళ్లలో లేవు. జమ్ములమ్మ సాళ్లలోకి వచ్చాను. చెట్టు చెట్టుకూ ఉన్నాయి. కొన్నిటిని ఒలిచింది కానీ పొడి సగం అలాగే ఉంది. కొన్ని చోట్ల మొగ్గ వదిలి పక్కనున్న ఆకు తొడిమకు కాగితం చుట్టింది. ఆమెకు కళ్లు ఆనడం లేదని తెలిసి నేను చేనులోనే కూర్చున్నాను.

ఎవరి సాలో మీరు ఎందుకు రాయించలేదో అర్థమైంది. మీరు రోజూ చివరిదాకా ఎందుకు ఉండేవారో కూడా. పెద్దతనం చూపించుకోవడానికి అనుకునేదాన్ని నేను.

వెలుతురు ఉన్నంతసేపు ఆమె సాళ్లు నేను మళ్లీ ఒలిచాను. మర్నాడు కూడా. మూడో రోజు వాన పడి చీకటి ముందే వచ్చింది, చివరి చెట్లు మిగిలిపోయాయి. పొద్దున్నే పరుగెత్తుకు పోయి విచ్చుకున్నవి తెంపేశాను. చిన్నయ్య ఆ రోజు రాలేదు కాబట్టి సరిపోయింది. మీ చేతి వేగం నాకు లేదు అత్తమ్మా. ఇది ఇలా సాగదు.

నేను ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. నా పెళ్లికి ముందు ఒక ఏడు ఇటిక్యాలలో మా నాన్న పత్తి విత్తనం కొని వేశాడు. చెట్లు కొన్ని నడుం దాకా, కొన్ని మోకాలి దాకా వచ్చాయి. కొన్ని కాయే కట్టలేదు. మందు తక్కువైందని ఒకరు, నేల మంచిది కాదని ఒకరు అన్నారు. నాన్న తన చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా పత్తి వేయలేదు. కల్తీ గింజ అంటే ఏమిటో నాకు ఈ పనికి వచ్చాకే తెలిసింది. ఎక్కడో ఎవరో ఆడమనిషి సాయంత్రం పూట వదిలేసిన మొగ్గ మా చేనుకు వచ్చింది. ఆమె చెడ్డదై ఉండదు. కళ్లు కనపడకపోయి ఉండొచ్చు, ఇంటి తొందర అయి ఉండొచ్చు. కానీ వచ్చింది.

సాయంత్రం ఒక్కదాన్నీ ఆ సాళ్లలో నడుస్తుంటే ఇదే గుర్తొస్తోంది. పొయ్యీ, బర్రే గుర్తు రావడం లేదు. ఇన్నాళ్లూ పని అంటే పొద్దు గడవడానికి అనుకున్నాను. ఈ గింజ వేసుకునే మనిషి ఒకరు ఉన్నారని ఎప్పుడూ అనుకోలేదు.

ఎల్లుండి జమ్ములమ్మ ఇంటికి వెళ్లి మాట్లాడతాను. ఎలా మాట్లాడాలో మాత్రం ఇంకా తెలియదు.

రేణుక


నాగర్‌కర్నూల్,
24 సెప్టెంబరు 2004

వదినకు,

ఇది అందేసరికి ఆలస్యమవుతుందేమో అని మా ఆయన చేత గద్వాల బస్సు డ్రైవరుకు ఇప్పించమంది అమ్మ. ఆయన డ్యూటీలో ఉన్నారు. పోస్టులోనే వేస్తున్నాం.

"రేణుకా, మాట్లాడకు. నీకు దండం పెడ్త, మాట్లాడకు. నేను కొత్తగ వచ్చినప్పుడు నాకు సాలు పట్టిచ్చింది జమ్ములమ్మ. మొగ్గ ఎట్ల పట్టాల్నో నా ఏలు పట్టి చూపిచ్చింది. మీ మామ సచ్చిపోయినంక నేను ఇంట్ల నుంచి బయటికి రాకుంటే, పొద్దుగాలనే తలుపు కాడికి వచ్చి నిలవడి నన్ను చేనుకు తోలుకపోయింది. ఇయ్యాల ఆమెకు పోయి నీ పని పాడయిందని చెప్తవా? ఆమెకు కొడుకు లేడు, కోడలు లేదు. ఆ సాలు ఒక్కటే ఉంది. అది తీస్తే ఆమె మంచం పడ్తది. ఇన్నేండ్లు నేను ఆమెకు తెల్వకుండ తిరిగిన. ఒక్క దినం తప్పలే. ఆమెను గుంపుల నుంచి తీసినవని ఇంటే నేను ఆ చేన్ల మళ్ల కాలు పెట్ట. ఇదే నా మాట."

ఇవి అమ్మ మాటలు వదినా. జమ్ములమ్మ కళ్ల సంగతి నాకు కూడా ఇప్పుడే తెలిసింది. అమ్మ ఇంత కోపంగా ఉండటం నేను ఎక్కువసార్లు చూడలేదు. నువ్వేం చేశావో తొందరగా రాయి.

జయశ్రీ


ధరూర్,
2 అక్టోబరు 2004

అత్తమ్మకు,

మీ ఉత్తరం వచ్చేసరికి నేను మాట్లాడేశాను. ముందే వచ్చి ఉంటే మాట్లాడేదాన్ని కాదేమో. తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. తర్వాత మీ ఇష్టం.

నేను వెళ్లేసరికి జమ్ములమ్మ చాటలో జొన్నలు పెట్టుకుని రాళ్లు ఏరుతోంది. చూస్తూ కాదు, వేళ్లతో. పక్కన కూర్చుని నేనూ ఏరాను. ఆమె గింజలు, నా గింజలు కలిసిపోయాయి. ఎలా మొదలుపెట్టాలో తోచక చివరికి అడిగేశాను. "జమ్ములత్తా, సాయంత్రం నీకు మొగ్గలు కానొస్తున్నయా?"

ఆమె చేయి ఆగలేదు. "ఇన్నేండ్లకు ఒకరు అడిగిర్రు" అంది.

ఆమె చాటను తన ఒళ్లోకి లాక్కుంది.

"మీ అత్త నా ఎనక వస్తదని నాకు తెల్వదనుకున్నవా? కండ్లు పోయినయి గని చెవులు పోలే. నేను దారి పట్టి ఇంటికి పోయినట్టు పోయి, కాలువ గట్టు కాడ కూసుంటుంటి. ఆకుల సప్పుడు ఇనొస్తుండె. నా సాళ్లల్లనే ఇనొస్తుండె."

"మరి ఆమెకు చెప్పలేదేమి?"

"ఆమె గంత కష్టపడి దాచిపెడ్తుంటే నేనెట్ల బయటవెడ్త? తెల్సిందని తెలిస్తే ఆమెకు బాధయితది. అందుకని ఊకున్న. పొద్దుగాల చేనుకు పోవాలంటే కాళ్లు రాకపోతుండె రేణుకా. నా పని ఇంకొకరు చేసుడు, కూలి నేను తినుడు. ఒక్కొక్క దినం పాణం బాగలేదని పండుకుంటుంటి. మీ అత్త వచ్చి తలుపు కొట్టి మళ్ల తోలుకపోతుండె."

అత్తమ్మా, ఈ మాట రాయాలా వద్దా అని ఈ కాగితం రెండు రోజులు అటక మీద పెట్టాను. రాశాను.

నేను ఆమెతో పని మానమని అనలేదు. అడగాలనుకున్న మాట నా నోట్లో ఉండగానే ఆమె అంది. "మగ పూలు నాకియ్యి. పొద్దుగాల వెలుతురు మంచిగుంటది. పువ్వు పెద్దగుంటది, చేతికి దొరుకుతది. మొగ్గలు మీరు చూస్కోండ్రి." సవారమ్మ తలవంపులు అనుకున్న పని ఇది. గుంపులో ఏమనుకుంటారో అని నేను అన్నాను. "నేనే అడిగిన అని చెప్పు. అందరి ముందల చెప్పు. చాటుకు చెప్పినవంటే మళ్ల దాచిపెట్టినట్టే అయితది" అంది.

మర్నాడు గట్టు మీద నిలబడి చెప్పాను. జమ్ములత్తకు సాయంత్రం చూపు ఆనడం లేదు, ఇక నుంచి పూలు ఆమె తెస్తుంది, ఆమే అడిగింది అని. అందరూ జమ్ములమ్మ వైపు తిరిగారు. సవారమ్మ మాత్రం, "నాకిస్తె కొట్టనీకి వస్తి. ఆమె అడిగి తీస్కున్నదా?" అంది. తన సాళ్ల వైపు చేయి చూపి, "సరే, అయితే ముందుగాల నా సాల్లకే తేవాలె. నా చెయ్యి జల్ది నడుస్తది, ఆమె కోసం కూసోను" అంది. జమ్ములమ్మ గంప చంకన పెట్టుకుని, "నీ నోరు జల్ది నడుస్తది, చెయ్యి సంగతి చూద్దాం" అంది. పని మొదలైంది.

ఇంకొకటి కూడా మార్చాను. సాయంత్రం సాళ్ల వెంట నేనొక్కదాన్నే తిరగడం లేదు. రోజుకు ఇద్దరు, వంతులు వేసుకున్నాం. నా సాళ్లు కూడా వాళ్లే చూస్తారు. మొదటి రోజు సవారమ్మ వంతు. ఒలవని మొగ్గ ఒకటి దొరికింది, అది నా సాలులోనే. ఆమె దాన్ని పైకెత్తి పట్టుకుని చేనంతా తిప్పింది, "గుంపు పెద్ద సాల్ల దొరికింది, చూడుండ్రి" అని. రెండు రోజులు అదే మాట. నాకు సిగ్గు వేసింది. కానీ ఆ రోజు నుంచి, తమ సాళ్లలో ఏదైనా దొరికితే ఎవరూ ముఖం దాచుకోవడం లేదు.

పోయిన శనివారం వనపర్తిలో కంటి శిబిరం పెడితే మీ కొడుకు జమ్ములమ్మను ఆటోలో గద్వాల దాకా తీసుకెళ్లి బస్సెక్కించాడు. నేను వెంట వెళ్లాను. డాక్టర్లు చూసి, కంటిపొర అయితే తీసేవాళ్లం, ఇది పొర కాదు, లోపలి నరం ఎండింది, ఉన్న చూపు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం అన్నారు. తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఏ ఊరు వచ్చిందని అడుగుతూ వచ్చింది. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. సోమవారం పొద్దున అందరికంటే ముందు మగ సాళ్లలో ఉంది.

చిన్నయ్య నిన్న వచ్చాడు. చేనంతా తిరిగాడు. ఖాళీ చేతులతో బయటికి వచ్చి, ఏమీ అనకుండా బండెక్కి పోయాడు. అతను ఏమీ అనలేదంటే చేను నిలిచినట్టే అని తిమ్మప్ప చెప్పాడు.

మీరు ఇక ఆ చేనులో కాలు పెట్టనని రాయించారు. ఆ మాట నేను చాలాసార్లు చదివాను. మీరు చేసింది తప్పని నేను అనుకోవడం లేదు. నాకు అది చేతకాలేదు. చేతకానందుకు అడిగాను. ఆమె కోసం అడిగానా, గింజ కోసం అడిగానా అంటే గింజ కోసమే. అబద్ధం రాయలేను.

ఉత్తరం కోసం చూస్తుంటాను. కోపంగా ఉన్నా రాయించండి.

రేణుక


నాగర్‌కర్నూల్,
13 అక్టోబరు 2004

వదినకు,

ముందు మంచి మాట. నాకు ఆడపిల్ల పుట్టింది. ఆపరేషన్ లేకుండానే అయింది. ఇద్దరం బాగున్నాం. పిల్లకు ముక్కు మా ఆయనది, అరుపు అమ్మది.

నీ ఉత్తరం నొప్పులు మొదలయ్యే ముందు రోజు వచ్చింది. చదివి వినిపించాను. అమ్మ నా మంచం అంచున కూర్చుని వింది. కాలువ గట్టు దగ్గర జమ్ములమ్మ కూర్చున్న మాట దగ్గర మళ్లీ చదవమంది, అంతే. దవాఖానలో రెండు రోజులూ ఎవరినీ వరసలో నిలబెట్టలేదు. నర్సు వచ్చి "మీ అమ్మకు ఒంట్లో బాగుందా?" అని అడిగింది. ఇంటికి వచ్చాక, పిల్లకు నూనె రాస్తూ, రాసుకో అని ఇది చెప్పింది.

"రేణుకా, ఆమెకు తెల్వకుండ తిరుగుతున్ననని నేను సంబరపడిన. ఇంటికి పోయి అన్నం తింటుంటే గూడ మనసుల సంబరంగ ఉంటుండె, ఇయ్యాల ఒక మంచి పని చేసిన అని. అప్పుడు ఆమె గట్టు కాడ కూసొని ఇంటున్నదట. పాణం బాగలేదని పండుకుంటే తలుపు కొట్టి లేపుకపోయిన. ఆమెకు బరువు నేనే ఎక్కిచ్చిన, తెల్వక.

కోపం లేదు నాకు. ఉండె, పోయింది. నువ్వు గింజ కోసం అడిగిన అని రాసినవ్ చూడు, ఆ మాట నాకు నచ్చింది. నేను మనిషి కోసం చేసిన, మనిషిని అడగలే. నువ్వు గింజ కోసం పోయి మనిషిని అడిగినవ్.

పురుడు ఎల్లినంక వస్త. వచ్చే యేడు క్రాసింగ్‌కు నేను వరసల కూసుంట. గట్టు మీద నువ్వే ఉండు. నాకు ఏ సాలు ఇస్తవో ఇప్పుడే రాయి. మంచి సాలు చూసి ఇయ్యకు, అందరికి ఇచ్చినట్టే ఇయ్యి."

ఇది చెప్పి, రాసింది మొత్తం మళ్లీ చదివించుకుంది. ఒక్క మాట కూడా తీయించలేదు.

జయశ్రీ


ధరూర్,
21 అక్టోబరు 2004

అత్తమ్మకు,

పాప పుట్టిన సంగతి చేనులో చెప్పాను. ఒక్కసారే చెప్పాను, చివరి సాలు దాకా వినపడిందట. సింధూజ పాప తలకు కుల్లా కుడుతోంది. క్రాసింగ్ ఇంకో వారంలో అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే మొగ్గలన్నీ తుంచేయడమే. మీరు వచ్చేసరికి కాయలు పగులుతుంటాయి.

మీ ఉత్తరం జమ్ములమ్మకు చదివి వినిపించాను. అనుమతి లేకుండా చదివినందుకు ఏమీ అనుకోకండి. ఆమె పూలు గంపలో సర్దుకుంటూ వింది. తలుపు కొట్టిన మాట దగ్గర, "కొట్టకపోతే నేను లేస్తనే లేకపోతుంటి. అది గూడ రాయి" అంది. అందుకని రాస్తున్నాను.

మీకు సవారమ్మ పక్క సాలు. ఆ సాలు ఎవరూ అడగడం లేదు, ఆమె పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా ఆపదు కాబట్టి. మీ పేరు చెప్తే ఆమె, "వద్దు, విజయమ్మ పక్కన కూసుంటే నాకు మాట్లాడనీకి ఏడ సందు దొరుకుతది" అంది. అయినా మీకు అదే.

మీ సాలు వెనక కూడా సాయంత్రం ఎవరో ఒకరు వస్తారు. "ఎవరొస్తరో ఆమెకు చెప్పకు. ఆకుల సప్పుడు ఇనుకుంట కూసోనియ్యి, జర ఆమెకు గూడ తెల్వాలె" అని జమ్ములమ్మ నవ్వింది. నేను చెప్పేస్తున్నాను. మొదటి రోజు నేనే వస్తాను, మీరు గట్టు దిగి ఇంటికి పోకముందే. మొగ్గ మిగిలితే తెచ్చి మీ చేతిలోనే పెడతాను.

రేణుక